కాలు నిలవది

ముకల్లా నుంచి వచ్చిన ఇంతిసార్
నోట్‌బుక్కుల కుడి నుంచి ఎడమకు రాస్తది.
ఎడమ నుంచి కుడికి పోయే నా మాటలు
నడిమిట్ల యాడనో దానికి తగిలి పడిపోతయి.

ఆమె తమ్ముడు మబ్‌ఖూత్, పదకొండో నంబరు మంచం.
షుగరు పుండు. కుడికాలు. మూడు వేళ్లు తీసేసిండ్రు.
ఆమెకు అరబ్బీ, నాకు తెలుగు,
మధ్యన బార్కస్ బావజీర్ సాబ్.
ఆయన తాత ఓడెక్కిన రేవు ఆమె ఊరేనట.
గంటకు ఇంత అని తీసుకుంటడు గని
చాయ్ పైసలు ఎప్పుడూ ఆయనే ఇస్తడు.

మొదటి రోజే అడిగింది:
"ఈయన పానం ఎట్లుంది అంటరు మీరు.
పానం వేరే, ఈయన వేరేనా?"
నేను థర్మామీటరు దులుపుకుంట నిలబడ్డ.
ఇరవై రెండేండ్ల నౌకరిల
ఆ మాటను ఒక్కసారి గూడ తిప్పి చూడలె.

"నీ బిడ్డకు సీటొస్తది సిస్టర్" అన్నడొకనాడు మబ్‌ఖూత్.
నీ నోట్లె చక్కెర పొయ్య, అన్న.
అక్క ఉరికొచ్చి రెండు చేతుల తోని
తమ్ముని నోరు మూసింది.
ఆ పొద్దు షుగరు మూడు వందల నలభై.

మేమొక్కలమే గాదు.
"యా కబ్దీ, యా కబ్దీ" అనుకుంట
ఆమె తమ్ముని నెత్తి నిమురుతుంటే
కొత్త డ్యూటీ డాక్టరు బావజీర్‌కు ఫోన్ కొట్టిండు.
కబ్ది అంటే కార్జం.
రాత్రికి రాత్రే కార్జం పరీక్షకు నెత్తురు తీసిండు.
తెల్లారినంక తెలిసింది, అది ముద్దు పేరట.
నా కార్జమా, అని.
మేమైతే ఆదివారం వేయించుకుంటం.

శుక్రవారం నమాజుకు పోయిన బావజీర్
తన జాగల మేనల్లున్ని కూసోవెట్టిండు.
మబ్‌ఖూత్ కర్ర వట్టుకొని
కారిడార్ల ఆ కొసకు ఈ కొసకు తిరుగుతుండు.
కిటికీల కెల్లి ఉల్లిగడ్డల మార్కెట్టు వాసన.
నవ్వుకుంట అన్న నేను:
ఈయనకు ఒక్క కాడ కాలు నిలవది!
పిలగాడు "ఒక్క కాడ" మింగేసి
మిగిలింది చెప్పిండు.
ఇంతిసార్ గోడకు జారి, అట్లనే కింద కూసున్నది.

నలభై ఆరేండ్లదాన్ని,
చెప్పులు చేతుల వట్టుకొని
కారిడారంత ఉరికి ఉరికి చూపించిన,
కాలు నిలవకపోవుడంటే గిట్లమ్మా, గిట్ల!
నవ్విందాక ఆగలె.

గని ఒకటి మటుకు నేను దిద్దలె.

తొమ్మిదో నంబరు ముసలాయన, కోదాడ దిక్కాయన.
"డాక్టరు చేతులెత్తేసిండు" అని
కోడలు గోడకు నెత్తి కొట్టుకుంటుంటే
ఏందట, అని అడిగింది ఇంతిసార్.
ఏ లోకంల ఉండెనో బావజీర్,
చేతులు ఎత్తిండట, అన్నడు.
ఆమె మొఖం ఇచ్చుకున్నది.
"మంచోడు. దువా చేస్తుండు" అని
తను గూడ ఎత్తింది, రెండు అరచేతులు,
పరాయి ముసలాయన కోసం.
బావజీర్ నా దిక్కు చూసిండు.
నాకు నోరు రాలె.
(ఇది గూడ రాసుకుంటదేమో,
రావాల్సిన నోరు ఏడికెల్లి వస్తదని.)
ముసలాయన తెల్లారెదాంక ఉన్నడు. అంతే.

పోయే దినం లిఫ్టు కాడ
తెలుగుల, తనంతట తనే:
"పోయొస్త, అండాలు!"
అయ్యో వద్దు వద్దని మీద పడ్డరు అందరు,
ఆయమ్మ, సెక్యూరిటీ, బిల్లు కౌంటర్ పిల్ల గూడ.
దవఖానల అట్లనొద్దు తల్లీ!
ఆమె నా దిక్కు తిరిగింది.
పోత అనొద్దు, పోయొస్త అనాలె అని
నేర్పింది నేనే కద.
"మరి ఇక్కడ ఏమనాలె?"

మేము ఒకల మొఖాలు ఒకలం చూసుకున్నం.
ఇన్ని మాటలల్ల
దానికి మాత్రం మాట లేదు మా తాన.
బావజీర్ లిఫ్టు బటన్ మళ్ల ఒత్తిండు.

తలుపు మూసుకుంటుంటే
మబ్‌ఖూత్ చెయ్యెత్తిండు.
ఒక్కటే.
రెండోది కర్ర మీద ఉండె.